మునిగే ముందు గబగబా ఊపిరి పీలిస్తే నీళ్లలో ఎక్కువసేపు ఉండొచ్చా?

ఉండొచ్చు. ప్రమాదం కూడా అందులోనే ఉంది. మీ అబ్బాయి బావిలో మునిగే ముందు పది ఇరవై సార్లు గట్టిగా ఊపిరి తీసి వదులుతున్నాడంటే ఈరోజే మాన్పించండి.

అలా చేస్తే ఒంట్లో ఆక్సిజన్ నిండుతుందని పిల్లలు నమ్ముతారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ మామూలు శ్వాసతోనే 97-98 శాతం నిండి ఉంటుంది. ఎంత పీల్చినా అదనంగా పట్టేది కాస్తే. తగ్గేది మాత్రం కార్బన్ డయాక్సైడ్. ధమనుల రక్తంలో దాని పీడనం 40 మి.మీ. (పాదరసం) దగ్గర ఉండాల్సింది 20-25కి పడిపోవచ్చు. పెదాలు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కడం, తల తిరగడం అందుకే.

ఊపిరి బిగపట్టినప్పుడు ఇక ఆగలేమనిపించే ఆ తహతహ పుట్టేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. మెదడు అడుగున ఉండే మెడుల్లా అనే భాగం దాన్ని కనిపెడుతుంది. ఆక్సిజన్‌ను కనిపెట్టే గ్రాహకాలు మెడలోని ధమనుల దగ్గర ఉన్నాయి గానీ, దాని పీడనం 100 నుంచి 60 దాకా పడేవరకూ అవి గట్టిగా హెచ్చరించవు. కార్బన్ డయాక్సైడ్‌ను ముందే ఊదేసిన పిల్లవాడికి తహతహ ఆలస్యంగా మొదలవుతుంది. ఈలోగా కండరాలు ఆక్సిజన్‌ను వాడేస్తాయి, స్పృహ తప్పుతుంది. కొట్టుకోడు, చెయ్యెత్తడు. గట్టు మీదవాళ్లు ఇంకా ఊపిరి బిగపట్టాడనే అనుకుంటారు.

లోతైన వ్యవసాయ బావుల్లో ఇంకో చిక్కు. లోపల నీటి ఒత్తిడి వల్ల ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ పీడనం ఎక్కువగా ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ అది ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఇంకో రెండు బారల్లో బయటపడతాడనగా స్పృహ పోతుంది.

ఈత నేర్పేటప్పుడు నేను గట్టిగా పట్టుబట్టేది ఇదే: మునిగే ముందు తీరుబడిగా ఒకటి రెండు ఊపిర్లు, అంతే. ఎవరెక్కువసేపు ఉంటారో అన్న పందేలు వద్దు. ఒకరు మునిగితే ఈత బాగా వచ్చిన ఇంకొకరు చూపు తిప్పకుండా గట్టున ఉండాలి.

బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీసి తిప్పడం చేయకండి. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు తల వెనక్కి వాల్చి, ముక్కు మూసి, ఛాతీ లేచేలా నోట్లోకి ఊదాలి. ఆపైన 30 సార్లు ఛాతీ నొక్కి రెండుసార్లు ఊదడం, సాయం వచ్చేదాకా.