బ్రేక్ ఫెయిలయితే రోడ్డు మీద ఆ గీతలెక్కడివి?

ప్రశ్న: పోయిన నెల రాత్రిపూట కావలి దగ్గర హైవే మీద మా బావ బైక్‌ని లారీ వెనక నించి గుద్దింది, కాలు విరిగి ఒంగోల్లో ఆస్పత్రిలో ఉన్నాడు. డ్రైవరేమో బ్రేక్ ఫెయిలంటాడు, బైక్‌కి వెనక లైటు లేదనీ అంటాడు. చూసినోళ్ళు లేరు. తప్పెవరిదో పోలీసులు ఎట్టా తేలుస్తారండీ?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: మీ బావగారు త్వరగా లేచి నడవాలి. పెద్ద బండిదే తప్పనే మాట టీ అంగడి దగ్గర చెల్లుద్దేమో గానీ కేసులో చెల్లదండీ. పోలీసులు స్పాట్‌కి రాగానే బండ్లు ఎక్కడ పడున్నాయి, గాజు పెంకులు ఎక్కడ రాలాయి, టైరు గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయి అని టేపు పెట్టి కొలిచి రఫ్ స్కెచ్ గీస్తారు, పంచనామా రాస్తారు. ఆ గీతలే అసలు సాక్షులు. ఎండిన తారు రోడ్డు మీద కారు 30 మీటర్లు గీసుకుంటూ పోయి ఆగిందంటే స్పీడ్ 70 కిలోమీటర్లు దాటే ఉంటదని లెక్క, లారీకీ తడి రోడ్డుకీ లెక్క మారుద్ది, బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి గీతలు సరిగా పడవు కూడా. మీ స్కెచ్‌లో లారీ గీతలు పొడుగ్గా ఉన్నాయా చూడండి, ఉంటే బ్రేక్ పట్టినట్టే కదా, మరి ఫెయిలయిందెక్కడ? పైగా ఆర్టీవో ఆఫీసు నించి ఎంవీఐ, అదే మనోళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టరనే ఆయన, బండి చూసి బ్రేకులు బాగున్నాయో లేదో రిపోర్ట్ ఇస్తాడు.

ఇక లైటు. పాత రకం బల్బయితే పగిలినా సాక్ష్యం చెప్తుంది! వెలుగుతున్నప్పుడు దెబ్బ తగిలితే లోపలి తీగ వేడికి మెత్తగా ఉంటది కాబట్టి సాగి వంకర తిరుగుద్ది, ఆరిపోయి ఉంటే సాగకుండా పుటుక్కున తెగుద్ది. గాజు కూడా పగిలితే వేడి తీగకి గాలి తగిలి తెల్లటి బూడిదలాంటిది పడుద్ది. ఎల్‌ఈడీ లైటయితే ఈ కిటుకు పనిచెయ్యదు.

కేసు బీఎన్‌ఎస్, అదే ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, 281, 125 సెక్షన్ల కింద పెట్టి ఉంటారు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాల్సిందే, తీసుకోండి. బైక్ స్టేషన్ నించి విడిపించుకునే తొందర్లో ఉన్నారేమో, ఆ వెనక బల్బు చూశారా అని ముందు ఎస్సై గారిని అడగండి, మీ మెకానిక్ కొత్త బల్బు బిగించేశాడంటే ఇంక అడగడానికేం మిగలదు.