గ్యాస్ పట్టించే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. కారులో ఏసీ వేస్తే వేడిగాలే వస్తోందనీ, వెనక సీట్లో బాబు చెమటతో తడిసిపోతున్నాడనీ, మళ్లీ గ్యాస్ పట్టిస్తే చాలని మెకానిక్ అన్నాడనీ రాశావు. చేతిలో డబ్బు తక్కువగా ఉందని కూడా రాశావు. పోయిన ఏడాదే గ్యాస్ పట్టించావన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. 30 ఏళ్లు కార్ల ఏసీలు బాగుచేసే పనే చేసినవాణ్ణి కదా, ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి వదిలేయలేక ఇలా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకో తల్లీ. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని బలంగా నొక్కుతుంది, నొక్కినప్పుడు అది వేడెక్కుతుంది. కారు ముందు భాగంలో రేడియేటర్‌కి ఆనుకుని ఉండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి గ్యాస్ ద్రవంగా మారుతుంది. అక్కణ్ణుంచి ఎక్స్‌పాన్షన్ వాల్వులోని సన్నని దారి దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడది డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మరిగి మళ్లీ గ్యాస్ అవుతుంది. మరగడానికి కావలసిన వేడిని కారులోని గాలి నుంచే లాక్కుంటుంది, నీకు చల్లదనం వచ్చేది అక్కడే. చాలా కార్లలో ఉండే ఆర్-134ఎ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకి 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. ఈ దారిలో గ్యాస్ ఖర్చయ్యే చోటు ఎక్కడా లేదు. రబ్బరు గొట్టాల నుంచి, సీళ్ల నుంచి చాలా ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గడం నిజమే. ఏడాదికే ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు వెతక్కుండా గ్యాస్ పట్టిస్తే నీ డబ్బు గాల్లో కలుస్తుంది.

అలాగని గ్యాసే పోయిందని కూడా ఇప్పుడే అనుకోకు. షాపుకి వెళ్లే ముందు నువ్వు ఇంటి దగ్గరే చూడగలిగినవి ఉన్నాయి. గాలి తక్కువగా వస్తోందా, లేక గాలి బాగానే వస్తూ చల్లగా లేదా? ఈ రెండూ వేరువేరు జబ్బులు. గాలే తక్కువైతే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడు. చాలా కార్లలో అది డ్యాష్‌బోర్డులోని గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, పనిముట్లు లేకుండానే ఊడి వస్తుంది. మట్టితో మూసుకుపోయిన ఫిల్టర్ ఒక్కటి మార్చగానే ఏసీ బాగుపడిన కార్లు నా చేతిలో ఎన్నో ఉన్నాయి. బ్లోయర్ అన్నిటికన్నా పై స్పీడులో మాత్రమే తిరుగుతూ కింది స్పీడుల్లో ఆగిపోతుంటే సాధారణంగా పోయింది బ్లోయర్ రెసిస్టర్. అది చిన్న వస్తువు.

రోడ్డు మీద వెళ్తుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కుతోందా? అయితే చాలాసార్లు కండెన్సర్ మీదికి గాలి చాలకపోవడమే కారణం. బానెట్ ఎత్తి, ఏసీ వేసి, ముందున్న ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా చేతులు, జుట్టు, చున్నీ బెల్టు దగ్గరికి, ఫ్యాన్ దగ్గరికి పోనివ్వకు. ఫ్యాన్ ఉన్నట్టుండి దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. కండెన్సర్ రేకుల్లో మట్టి, పురుగులు పట్టి ఉంటే ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో మెల్లగా నీళ్లు కొట్టి కడుగు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఆ పలుచని రేకులు వంగిపోతాయి.

తర్వాత కంప్రెసర్ సంగతి. ఏసీ బటన్ నొక్కగానే ఇంజిన్ దగ్గర 'టక్' మని వినిపించి, కంప్రెసర్ ముందున్న ప్లేటు, బెల్టు తిప్పే పుల్లీతో కలిసి తిరగాలి. (ఇలా కంప్రెసర్‌ని పుల్లీకి కలిపేదే క్లచ్. కొన్ని కొత్త కార్లలో అది ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.) టక్ మనకపోతే ఫ్యూజు చూడు. ఫ్యూజు బాగుంటే ఫ్యూజు బాక్సులో ఉండే ఏసీ రిలే (కరెంటు స్విచ్‌లా పనిచేసే చిన్న డబ్బీ) తీసి, అదే బాక్సులో అచ్చం అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే దాన్ని పెట్టి చూడు. అది పనిచేస్తే నీ ఖర్చు ఒక రిలేతో సరి. క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు అరిగి పెరిగినా కూడా ఇలాగే అవుతుంది. పొద్దున బాగా పనిచేసి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఆగిపోతుంటే నాకు మొదట దాని మీదే అనుమానం వస్తుంది. చాలా క్లచ్‌లలో లోపలి షిమ్ (పలుచని వాషర్) ఒకటి తీస్తే సందు సరిపోతుంది. అంతమాత్రానికి కంప్రెసర్ మొత్తం మార్చాలనేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోకు.

గ్యాస్ బాగా తగ్గినా టక్ మనదు. ఒత్తిడి పడిపోయిందని ప్రెషర్ స్విచ్ కనిపెట్టి కంప్రెసర్‌ని ఆపేస్తుంది. "స్విచ్ తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా మేడమ్" అని ఎవరన్నా అంటే తాళం చేతులు తీసుకుని వచ్చేసెయ్. కంప్రెసర్‌కి కావలసిన ఆయిల్ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. గ్యాస్ లేకుండా తిప్పితే ఆయిల్ అందక లోపల అరిగిపోతుంది, చిన్న ఖర్చు కాస్తా అన్నిటికన్నా పెద్ద ఖర్చుగా మారుతుంది.

ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు లీకు వెతకాలి, నీ డబ్బులో మొదటి భాగం దీనికే పెట్టు. గ్యాస్ కారే చోట ఆయిల్ కూడా కాస్త బయటికొస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మరక కడుతుంది. గొట్టాల అతుకులు, కండెన్సర్ ముందు భాగం, కంప్రెసర్ చుట్టూ టార్చి వేసి చూడు. లోపల ఇంకా కాస్త గ్యాస్ ఉంటే సబ్బు నీళ్లు రాసినా బుడగలు రావచ్చు.

నా దగ్గరికి వచ్చిన ఒక కారుకి అంతకుముందు వేరే చోట మూడుసార్లు గ్యాస్ పట్టించారు. నేను గ్యాస్ పట్టించే నాజిల్ మూత తీసి సబ్బు నీళ్ల చుక్క వేస్తే బుడగ లేచింది. లోపల టైరు వాల్వులో ఉండేలాంటి చిన్న సూది ఒకటి ఉంటుంది. అది మార్చి, మూతకి కొత్త రబ్బరు వేశాను, అంతే. ఆ కుటుంబం రెండు ఎండాకాలాలు పెట్టిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ బాధే. అందుకే ఆ మూతలు తీసి చూడకుండా ఏ కారునీ వదలకూడదంటాను.

గ్యాస్ పూర్తిగా పోయి ఉంటే సబ్బు నీళ్లకి ఏమీ దొరకదు. షాపులో నైట్రోజన్ ఎక్కించి చూడమను. టైర్లకు కొట్టే గాలి ఎక్కిస్తానంటే వద్దను, దానితో పాటు తేమ లోపలికి పోతుంది. తేమ, గ్యాస్, ఆయిల్ కలిసి ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తినేస్తాయి. వాక్యూమ్ పెట్టి, అంటే మెషిన్‌తో లోపలి గాలంతా లాగేసి, గేజ్ ముల్లు కదల్లేదు కాబట్టి లీకు లేదని కొందరు చెప్తారు. ఆ మాట పూర్తిగా నమ్మకు. లోపలికి పీల్చినప్పుడు బిగుసుకున్న సీలు, ఒత్తిడి పెట్టినప్పుడు కారవచ్చు. అలా కూడా దొరక్కపోతే రంగు కలిపి పట్టిస్తారు, కొన్ని రోజులు తిరిగాక యూవీ లైటు వేస్తే కారిన చోట మెరుస్తుంది.

దొరికిన లీకు అతుకులోని రబ్బరు ఓ-రింగో, గొట్టమో, రాయి తగిలి చిల్లుపడ్డ కండెన్సరో అయితే బాగుచేయించుకో, మంచి రకం బయటి కంపెనీ పార్టు వేసినా ఫర్వాలేదు. కూలింగ్ కాయిల్ అయితే మాత్రం చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. పార్టు కన్నా కూలి ఎక్కువవుతుంది. అప్పుడు తొందరపడకు. ఏసీ ఆపుకుని కారు నడుపుకోవచ్చు, డబ్బు కూడాక చేయించుకో.

సిస్టమ్ తెరిచారంటే లోపలి తేమని పీల్చుకునే డ్రయర్ మార్చాలి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి, అప్పుడే లోపలి తేమ ఆవిరై పోతుంది. గ్యాస్‌ని తూకం వేసే పట్టించాలి. బానెట్ కింద ఒక స్టిక్కర్ మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. గేజ్ ముల్లు చూసి అందాజాగా పట్టిస్తే ఎక్కువ తక్కువలు తప్పవు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ అనే కొత్తరకం గ్యాస్ పేరు ఉంటే అదే పట్టించాలి, చవకని పాతరకం ఆర్-134ఎ కలపకూడదు. వంటగ్యాస్ లాంటివి కలిపేవాళ్ల జోలికి అసలు వెళ్లకు. అది డ్యాష్‌బోర్డులో కారితే నిప్పు అంటుకోవచ్చు, ఆ కారులో కూర్చునేది నీ బిడ్డ. లీకు మూసేస్తుందని అమ్మే డబ్బా మందులు కూడా వద్దు. అవి గట్టిపడి సన్నని దారుల్ని మూసేస్తాయి, గ్యాస్ తీసే మెషిన్‌నీ పాడుచేస్తాయి. అవి వాడిన కారుని కొన్ని షాపుల వాళ్లు ముట్టుకోరు.

కంప్రెసరే పోయిందని తేలితే ఈ మాట గుర్తుంచుకో. నా తొలిరోజుల్లో ఒకాయన డబ్బు లేదంటే జాలిపడి కంప్రెసర్ ఒక్కటే మార్చి పంపాను. పాతది అరిగి రాలిన లోహపు పొడి గొట్టాల్లో అలాగే ఉండిపోయి కొత్తదాన్నీ తినేసింది. ఆయన ముఖం నేను మర్చిపోలేదు. పొడి రాలి ఉంటే గొట్టాలు కడగాలి, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు మార్చాలి. ఇప్పటి కండెన్సర్లలో దారులు మరీ సన్నం, కడిగినా శుభ్రపడవు, అదీ మార్చాల్సిందే. ఏసీ ఆపి ఉన్నా గరగర శబ్దం వస్తుంటే అది బహుశా పుల్లీ బేరింగ్, అదొక్కటే మార్చే వీలుందేమో అడుగు. అయితే అది మాత్రం వాయిదా వెయ్యకు, అదే బెల్టు మీద చాలా కార్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా తిరుగుతుంది, బెల్టు తెగితే అదీ ఆగిపోతుంది.

షాపులో లీకు వెతకడానికి ఎంత, బాగుచేయడానికి ఎంత అని వేరువేరుగా అడుగు. లీకు ఎక్కడుందో కళ్లకి చూపించాకే తర్వాతి పని ఒప్పుకో. మార్చిన పార్టు ఇచ్చేయమను.

ఈలోపు బాబుతో బయటికి వెళ్లాల్సి వస్తే కారు నీడలో పెట్టు, ముందు అద్దానికి రేకు తెర వేసి ఉంచు. ఎక్కేముందు తలుపులన్నీ తెరిచి లోపలి వేడి పోనివ్వు. ఎండలో వాణ్ణి కారులో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు.

రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ కింది స్టిక్కర్‌కీ, గ్యాస్ పట్టించే రెండు నాజిళ్లకీ ఫొటోలు తీసి పంపు. ఏసీ వేసినప్పుడు టక్ మందో లేదో కూడా చెప్పు. అవి చూశాకే షాపుకి వెళ్దువుగాని, అక్కడ మెకానిక్‌తో నేనే ఫోన్లో మాట్లాడతాను.

మీ మామయ్య