సర్ఫేస్ ప్లాట్ నల్లగా వస్తోందా? గ్రాఫిక్స్ కార్డుని తిట్టకండి

ప్రశ్న: సార్, ఫైనలియర్ ప్రాజెక్టుకి మ్యాట్‌ల్యాబ్‌లో (లెక్కలు చేసి గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్) సర్ఫ్ కమాండ్‌తో త్రీడీ ప్లాట్ గీస్తే రంగులేం కనపడట్లేదు, మొత్తం బొగ్గులా వస్తోంది. గ్రిడ్ 500 బై 500. గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలా? ఆ సాఫ్ట్‌వేర్‌ని ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేశా.

జవాబు: రివ్యూలు దగ్గరపడ్డాయంటే చాలు, ఈ నల్ల ప్లాట్ల గోల మొదలు. ఏ ల్యాప్‌టాపూ కొనకు తమ్ముడూ, ఇంట్లోవాళ్ల డబ్బు దండగ. సర్ఫ్ ప్రతి గడి చుట్టూ నల్ల గీత గీస్తుంది, నీ గ్రిడ్‌లో గళ్లు దాదాపు రెండున్నర లక్షలు, స్క్రీన్ మీద ఒక్కోదానికి దక్కేది పిక్సెలో రెండో, అది కాస్తా గీతే మింగేస్తే ఇంక రంగుకి చోటెక్కడ? కింద లైన్లో షేడింగ్ ఇంటర్ప్ అని కొట్టు, గీతలు పోతాయి. పోయాక ఎత్తుపల్లాలు తెలియట్లేదనిపిస్తే క్యామ్‌లైట్ పెట్టు, ప్లాట్ మీద లైటు వేసినట్టుంటుంది. గైడ్ గళ్లు కావాల్సిందే అంటే హోల్డ్ ఆన్ చేసి, 20కి ఒక పాయింటు చొప్పున తీసుకుని, ఫేస్ కలర్ నన్ పెట్టి (అంటే గళ్లలో రంగు నింపకుండా) దానిమీదే ఇంకోసారి గీయి.

ఎత్తుని బట్టి నీలం నుంచి ఎరుపు దాకా ఇంద్రధనస్సు రంగులేసే ఆ జెట్ కలర్‌మ్యాప్‌ని కూడా వదిలేయండి ఇకనైనా. మ్యాట్‌ల్యాబే 2014లో దాన్ని డిఫాల్ట్‌గా తీసేసి పారులా అనే ఇంకో కలర్‌మ్యాప్ పెట్టింది, పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో విరిడిస్‌కి మారింది, మనవాళ్ల రిపోర్టుల్లో మాత్రం ఇంకా ఇంద్రధనస్సులే. జెట్‌లో పసుపు పట్టీ దగ్గర డేటాలో లేని అంచు ఉన్నట్టు కనిపిస్తుంది, బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీస్తే ఎర్ర శిఖరమూ నీలం లోయా రెండూ ముదురు బూడిదే, ఏది పైనో ఏది కిందో ఎగ్జామినర్‌కి సోది చెప్పాలి.

ఇదంతా సరే గానీ నువ్వు చివర్లో మామూలుగా రాసేసిన ఆ ఒక్క ముక్క చదివాకే నాకు భయమేసింది. యాంటీవైరస్ ఆపితే తప్ప ఎక్కని సాఫ్ట్‌వేరేంటి అసలు? వాచ్‌మన్‌ని ఇంటికి పంపి గేటు తీసినట్టు. క్రాకుల్లో (లైసెన్సు తాళం విరగ్గొట్టిన దొంగ కాపీల్లో) పాస్‌వర్డ్ దొంగల్ని దాచడం పాత పద్ధతే, బ్రౌజర్‌లో సేవ్ చేసినవన్నీ ఒక్కసారే ఊడ్చేస్తాయి, లాగిన్ కుకీలు (నువ్వు లాగిన్ అయ్యావని బ్రౌజర్ దాచుకునే గుర్తులు) కూడా పట్టుకుపోతే ఓటీపీ అడక్కుండానే నీ మెయిల్లోకి దూరొచ్చు. ఏమీ జరగలేదు కదా సార్ అంటారు అందరూ, జరిగినప్పుడు చెప్పి జరగదు. స్కాన్ చేస్తే సరిపోతుందని నేను నమ్మను. ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించు. మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు ఈ ల్యాప్‌టాప్‌లో కాదు, ఫోన్లో మార్చు, అన్ని డివైజుల్లోంచీ లాగౌట్ కొట్టు. ఆ పెన్‌డ్రైవ్ ఇంకో జూనియర్ చేతికి పోనివ్వకు.

తర్వాత మ్యాట్‌ల్యాబ్ లాంటిదే జీఎన్‌యూ ఆక్టేవ్ పెట్టుకో, ఫ్రీ. సర్ఫ్, షేడింగ్ లాంటివన్నీ అందులోనూ అవే పేర్లు, నీ ఫైల్ చాలావరకు అలాగే నడుస్తుంది. బ్లాకులు కలిపి సిస్టమ్‌ని నడిపి చూసే సిమ్యులింక్ మాత్రం అందులో లేదు, అది కావాలంటే కాలేజీ ల్యాబ్‌లో లైసెన్సుందేమో అడుగు.