క్రైస్తవ పెళ్లిళ్లలో చదివే బైబిల్ ‘ప్రేమ అధ్యాయం’ భార్యాభర్తల గురించి రాసిందేనా?

కాదు, ఆ అధ్యాయం, అంటే 1 కొరింథీయులు అనే ఉత్తరంలోని 13వ అధ్యాయాన్ని అపొస్తలుడైన పౌలు రాసింది గొడవలు పడుతున్న ఒక క్రైస్తవ సంఘానికి. క్రీ.శ. 55 ప్రాంతంలో గ్రీసులోని కొరింథు నగర విశ్వాసులు దేవుని ఆత్మ ఇచ్చే సామర్థ్యాల్లో (వీటినే వరాలంటారు) ఎవరి వరం గొప్పదని పోటీపడుతున్నారు. అందుకే ఈ అధ్యాయం సరిగ్గా వరాల గురించి చెప్పే 12, 14 అధ్యాయాల మధ్య ఉంది. ఆ వరాల్లో ఒకటైన భాషలు (ఆత్మ ప్రేరణతో వచ్చే తెలియని భాషలు) మాట్లాడినా ప్రేమ లేకపోతే మోగే కంచే అన్నది వాళ్లకు గట్టిగానే తగిలి ఉంటుంది!

‘దీర్ఘకాలము సహించును, దయ చూపించును’ అన్న మాటలు చూడండి. గ్రీకు మూలంలోనూ ఇవి క్రియలే. అంటే ఇక్కడ ప్రేమ మనసులో కలిగే ఫీలింగ్ కన్నా చేసే పని. ఉదాహరణకు, ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ కలిసి తినే భోజనంలో, కొందరు ముందే తిని, తాగి మత్తులో ఉంటే మరికొందరు ఆకలితో ఉండిపోయేవారు (అదే ఉత్తరం 11:21). అలాంటిచోట ప్రేమంటే పక్కవాడి కోసం ఆగడం. 11:33లో ఒకరికోసం ఒకరు కనిపెట్టుకొని ఉండమన్నది అదే.

దీన్ని పెళ్లిలో చదవడం తప్పేం కాదు, దంపతులకూ వర్తిస్తుంది. కానీ ‘అన్నిటిని ఓర్చును’ అన్నారు కాబట్టి కొట్టినా తిట్టినా భరించాలని చాలామంది అనుకుంటారు. అయితే దానికి ముందు వచనమే ప్రేమ ‘దుర్నీతి విషయమై సంతోషపడదు’ అంటుంది.