అమ్మ బయాప్సీ రిపోర్టులో కేఐ-67 32 శాతం అని ఉంది. అంటే జబ్బు ముదిరినట్టేనా?

మీ అమ్మగారి రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఈఆర్ 90 శాతం, పీఆర్ 10 శాతం, హెర్-2 2+, కేఐ-67 32 శాతం అని రాశారు. ఆ చివరి అంకె చూసినప్పటి నుంచి నిద్ర లేదనీ, కణితి కణాల్లో కొలిచే ఈ నాలుగు ప్రొటీన్లను బట్టి ముందు ముందు ఏమవుతుందో చెప్పగలరా అనీ అడిగారు.

నేను డాక్టర్ని కాదు. ఆరేళ్ల క్రితం ఇదే జబ్బు నాకొచ్చింది. దాదాపు ఇలాంటి రిపోర్టే చేతిలో పెట్టుకుని నేనూ మీలాగే గూగుల్‌లో వెతుక్కుంటూ కూర్చున్నాను. కేఐ-67 జర్మనీలోని కీల్ నగరం పేరు మీదుగా వచ్చిందనీ, 67 అంటే ప్రయోగం చేసిన పళ్లెంలో గుంట నంబరనీ అర్ధరాత్రి పూట చదివిన జ్ఞాపకం. నా కణితి గురించి మాత్రం అందులో ఒక్క ముక్కా తెలియలేదు.

మొదట ఈఆర్ గురించి, ఎందుకంటే మీ రిపోర్టులో అన్నిటికంటే బరువైన అంకె అదే. అది ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్. బయాప్సీలో తీసిన ముక్కను పలుచగా కోసి రంగు పట్టించి, నూటికి ఎన్ని కణాల్లో అది కనబడిందో లెక్కపెడతారు. 1 శాతం ఉన్నా పాజిటివ్ కిందే లెక్క. 1 నుంచి 10 దాకా ఉంటే ‘లో పాజిటివ్’ అంటారు. 90 అంటే దాదాపు అన్ని కణాల్లోనూ ఆ ప్రొటీన్ ఉందన్నమాట, కాబట్టి హార్మోన్‌ను అడ్డుకునే మాత్రకు బాగా లొంగే అవకాశం ఉంది. ఇలాంటివాళ్లు ఐదేళ్లు టామాక్సిఫెన్ అనే అలాంటి మాత్ర వాడితే ఈ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుందని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మెనోపాజ్ దాటినవాళ్లకు లెట్రోజోల్ లాంటివి ఎక్కువగా ఇస్తారు. పీఆర్ అంటే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్. అది తక్కువగా ఉండడం అంత మంచి గుర్తు కాదు గానీ, ఈఆర్ 90 ఉన్నప్పుడు దాని గురించి నేనైతే పెద్దగా బెంగపెట్టుకోను.

ఒక్క మాట మాత్రం ముందే తెలిసుండాలి. ఈఆర్ పాజిటివ్ జబ్బు మొదటి ఐదేళ్లూ నెమ్మదిగా ఉన్నట్టే ఉంటుంది, కానీ తిరగబెట్టే ముప్పు ఇరవై ఏళ్ల దాకా కొద్దికొద్దిగా మిగిలే ఉంటుంది. ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ నెగటివ్ అయిన ‘ట్రిపుల్ నెగటివ్’ రకంలో ముప్పంతా మొదటి కొన్నేళ్లలోనే ఎక్కువ, తర్వాత బాగా తగ్గిపోతుంది. అందుకే ‘మంచి రకం, చెడ్డ రకం’ అని ఎవరైనా అంటే ఏ సంవత్సరం గురించి అంటున్నారో అడగాలనిపిస్తుంది నాకు.

ఇక హెర్-2. ఇది కణాలను పెరగమని తోసే ప్రొటీన్. దాన్ని తయారుచేసే జన్యువుకు కాపీలు ఎక్కువగా ఉన్నవాళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని 1987లో అమెరికా డాక్టర్ డెన్నిస్ స్లామన్ బృందం ప్రకటించింది. అప్పట్లో హెర్-2 పాజిటివ్ అంటే చెడు కబురే. 1998లో ఆ ప్రొటీన్‌నే గురిపెట్టే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత అదే పాజిటివ్ ‘దీనికి మందుంది’ అనే కబురుగా మారిపోయింది. ప్రొటీన్ అదే, మారింది మందు. ‘ఇది ఉంటే ఇన్నేళ్లు’ అని చెప్పే పాత వ్యాసాలు చదివి భయపడకండి అని నేననేది ఇందుకే.

మీ అమ్మగారికి వచ్చిన 2+ మాత్రం ఇంకా తేలని ఫలితం. 0, 1+ అయితే నెగటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ వస్తే జన్యువు కాపీలు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయాల్సిందే. నాకూ 2+ వచ్చింది, ఫిష్‌లో నెగటివ్ అని తేలింది. ఆ ఎదురుచూపు రోజుల టెన్షన్ కీమోలో కూడా పడలేదు. మీరు ఇప్పుడు ఆత్రపడాల్సింది కేఐ-67 కోసం కాదు, ఈ ఫలితం కోసం.

కేఐ-67 విభజనలో ఉన్న కణాల్లో కనిపించే ప్రొటీన్. అంకె పెద్దదైతే కణాలు వేగంగా పెరుగుతున్నట్టు. అది నిజమే, దాచను. కానీ నలుగురు చూస్తే నాలుగు రకాలుగా వచ్చే అంకె కూడా ఇదే. నాకు మొదటి ల్యాబ్‌లో 35 అని ఇచ్చారు. ఎన్ని కణాలు లెక్కపెట్టారో, ముక్క చెడిపోకుండా వేసి ఉంచే ఫార్మలిన్ ద్రవంలో ఎన్ని గంటలు ఉందో ఎక్కడా రాయలేదు. అడిగితే విసుక్కున్నారు. అదే బ్లాకు, అంటే ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ, మరో పాథాలజిస్టుకు పంపిస్తే 20 అన్నారు. బ్లాకు మారలేదు, కణితి మారలేదు! ముక్క ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉండాలనీ, అటూ ఇటూ అయితే రంగు సరిగ్గా పట్టకపోవచ్చనీ అప్పుడే తెలిసింది. తొలి దశ ఈఆర్ పాజిటివ్ జబ్బులో 5 లేదా అంతకంటే తక్కువ, 30 లేదా అంతకంటే ఎక్కువ అయితేనే ఈ అంకెను నమ్మొచ్చనీ, మధ్యలోవి నికరంగా చెప్పలేమనీ దీని మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. మీది 32, ఆ 30 గీతకు కాస్త పైన. రెండో అభిప్రాయం తీసుకుంటే తప్పేమీ లేదు. అది నిజంగానే 32 అని తేలినా ‘ముదిరింది’ అని కాదు. ముదిరిందా లేదా అన్నది కణితి సైజు, చంకలోని గ్రంథులు, వేరే అవయవాలకు పాకడం బట్టి చూస్తారు. వేగంగా విభజన చెందే కణాల మీద కీమో బాగా పనిచేయడం కూడా మామూలే.

ఫిష్ నెగటివ్ వస్తే, కీమో అవసరమా కాదా అన్న ప్రశ్న మిగులుతుంది. అప్పుడు జబ్బు తిరగబెట్టే ముప్పును స్కోరుగా చెప్పే 21 జన్యువుల పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. అది ప్రొటీన్లను కాకుండా ఆర్ఎన్ఏను కొలుస్తుంది. నా విషయంలో కేఐ-67 మీద రెండు ల్యాబులు తేల్చలేని తగాదాను తీర్చింది అదే. గ్రంథుల్లోకి పాకని జబ్బులో మధ్యరకం స్కోరు వచ్చిన చాలామందికి హార్మోన్ మందుకు తోడుగా కీమో ఇవ్వకపోయినా ఫరవాలేదని 2018లో టైలర్ఎక్స్ అధ్యయనం చూపింది, యాభై దాటినవాళ్లలో మరీ స్పష్టంగా.

రక్తంలో చూసే సీఏ 15-3 అనే క్యాన్సర్ గుర్తు గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. చికిత్స అయ్యాక నేను దాన్ని అడిగి మరీ చేయించుకునేదాన్ని. ఒకసారి కాస్త పెరిగింది. నెల రోజులు నరకం చూశాను, తర్వాత దానంతటదే తగ్గింది. లివర్ సమస్యలున్నా అది పెరుగుతుందట. లక్షణాలేవీ లేనివాళ్లకు మాటిమాటికీ చేయించవద్దని అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో కూడా చెబుతుంది. మానేశాక నాకు ప్రశాంతంగా ఉంది.

బయాప్సీ బ్లాకు, స్లైడ్లు ఇప్పుడే ల్యాబ్ నుంచి అడిగి తెచ్చి దగ్గర పెట్టుకోండి. ఆపరేషన్ అయ్యాక పెద్ద ముక్క మీద ఈ నాలుగూ మళ్లీ చూస్తారేమో అడగండి, నాకు అలాగే చేశారు. ఫిష్ ఫలితం రాగానే ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.