పెద్దకర్మ అయ్యాక వెళ్లు

అమ్మలూ,

వచ్చే నెల నుంచి పలాస వైపు ఊళ్లలో ఆర్ట్ థెరపిస్టుగా, అంటే బొమ్మలు గీయిస్తూ మనసు బాధకు ఊరటనిచ్చే పని, మొదలుపెడుతున్నానని రాశావు. చాలా సంతోషం. కొంచెం భయం కూడా వేసింది. ఉద్దానంలో నువ్వు వెళ్లే ఇళ్లలో కిడ్నీ జబ్బుతో ఒకరు పోయి ఉంటారు, ఇంకొకరు డయాలసిస్‌కి తిరుగుతూ ఉంటారు. వాళ్ల దుఃఖం అయిపోయింది కాదు, ఇంకా నడుస్తున్నది. అది మనసులో పెట్టుకునే గడప తొక్కు.

పెద్దకర్మ దాకా నీ అవసరం అంతగా ఉండదు. ఇంటినిండా చుట్టాలుంటారు. ఆ తర్వాత అందరూ బస్సెక్కేస్తారు. ఎసట్లో ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలో తెలియక ఆ ఇంటి ఆవిడ పొయ్యి దగ్గర నిలబడిపోయేది అప్పుడే. అప్పుడు వెళ్లు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, నువ్వు చేయకూడదని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొన్ని వారాలకు ఒక బడిలో పిల్లలకు కాగితాలిచ్చి, "ఆ రాత్రి ఏం చూశారో గీయండి" అన్నాను. మొదటి రోజే! ఒక బాబు నల్ల క్రేయాన్ విరిగేదాకా గీకి, వణుకుతూ బయటికి పరుగెత్తాడు. వాడి పక్కన అరుగు మీద కూర్చుని ఊపిరి నెమ్మదించేదాకా వేళ్లు లెక్కపెట్టించాను. ఆ రోజు నుంచి మొదట గీయించేది భయం లేని చోటు. అమ్మమ్మ ఇల్లో, ఆవుల సాలో, ఏదైనా సరే. తుపాను బొమ్మ వాళ్లంతట వాళ్లే తెస్తారు, తేకపోయినా పర్లేదు.

బొమ్మకి అర్థం చెప్పే పని పెట్టుకోకు. నలుపు వాడితే బాధ, ఎరుపు వాడితే కోపం అనేది జాతకం చెప్పడం లాంటిది. చేతికి ఆ రంగే దగ్గరగా ఉందేమో! "దీని గురించి చెబుతావా?" అని అడిగి ఊరుకో. చెప్పకపోతే అలాగే కూర్చో.

ఒక ఆవిడ నాకింకా గుర్తు. భర్త పోయి ఏడాది కావస్తోంది. కాగితం ముందు పెడితే "నానేటి గీస్తానమ్మా, నాకు ముగ్గు తప్ప ఏటీ రాదు" అంది. మైల తీరినా వాకిట్లో ముగ్గు వేయడం మానేసిందట. సరే, చుక్కలే పెట్టమన్నాను. మూడు వారాలు చుక్కలే పెట్టింది, కలపలేదు. నేను ఎందుకని అడగలేదు. నాలుగో వారం ఒక మూల నుంచి కలపడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఆయన గురించి గంటసేపు మాట్లాడింది. ఆ ముగ్గు ఎప్పటికీ పూర్తి కాలేదు.

ఆర్ట్ థెరపీ అనే పేరు 1942లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు పెట్టాడని నువ్వు చదువుకునే ఉంటావు. కానీ మన సీతంపేట కొండల మీద సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో పోయినవాళ్ల కోసం బొమ్మలు గీస్తారు. ఒకసారి వెళ్లి చూడు. దుఃఖానికి బొమ్మ అవసరమని ఇక్కడివాళ్లకు నువ్వు కొత్తగా నేర్పాల్సింది లేదు.

సామాన్ల సంగతి. మనసు బాగా చెదిరి ఉన్నవాళ్లకు మొదట్లోనే నీళ్ల రంగులు ఇవ్వకు, కారిపోతుంటే ఇంకా టెన్షన్ పడతారు. పెన్సిల్, క్రేయాన్లు నయం, చెప్పినట్టు వింటాయి. మట్టి మంచిదే, కానీ కొందరికి తడి మట్టి ముట్టుకుంటేనే ఏవో గుర్తొస్తాయి, ముందు అడుగు. లేచే ముందు పది నిమిషాలు మిగుల్చుకుని బొమ్మను ఎక్కడ ఉంచాలో వాళ్లనే అడుగు. మడిచి పెట్టెలో పెట్టమంటారు, చింపేయమంటారు, ఒక్కోసారి నువ్వే దాచమంటారు. అది వాళ్లది. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టావంటే మాత్రం నేను నిజంగా బాధపడతాను.

చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే బొమ్మలు పక్కనపెట్టి, సూటిగా అడుగు, ఒంటరిగా వదలకు, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపించు. ఫోన్‌లో మానసిక సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416 నీ సంచిలోనూ వాళ్ల గోడ మీదా ఉండాలి.

రోజుకు ముగ్గురికి మించి చూడకు. వారానికోసారి నాకు ఫోన్ చేసి ఆ ఇళ్ల పేర్లు చెప్పకుండా నీకేం బరువుగా ఉందో చెప్పు. ఆదివారం పొద్దున్నే చెయ్యి, ఎంతసేపైనా వింటాను.

మీ అత్త