హైదరాబాద్‌లో హోస్టా ఆకులకి చిల్లులు: నత్తల పనేనా, మందు కొట్టాలా?

ఆన్‌లైన్‌లో హోస్టా (వెడల్పాటి ఆకుల అందం కోసం పెంచే నీడ మొక్క) దుంపలు తెప్పించి నీడలో కుండీలో పెట్టానని, వానలు మొదలయ్యాక ఆకులన్నీ చిల్లులు పడ్డాయని, పురుగు మాత్రం ఎక్కడా కనబడటం లేదని రాశారు. ఏ మందు కొట్టాలని అడిగారు. మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోన్ టార్చ్ వేసుకుని కుండీ దగ్గరికి వెళ్ళండి. పగలు వెతికితే ఏమీ దొరకదు. నేను వారం రోజులు అలాగే వెతికి, గొంగళిపురుగు అనుకుని వేపనూనె కొడుతూ కూర్చున్నాను.

మాది కూకట్‌పల్లి, గ్రౌండ్ ఫ్లోర్. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉత్తరం వైపు నాలుగడుగుల సందు ఉంది. ఎండ పడదు, బట్టలుతికిన నీళ్ళన్నీ అటే పారతాయి. అక్కడ పెట్టడానికి నీడ మొక్క కోసం వెతుకుతుంటే హోస్టా ఫొటోలు కనబడ్డాయి. ఇంకేముంది, మూడు తెప్పించాను. ఫిబ్రవరిలో నాటితే మార్చికల్లా చుట్టలు విప్పుకుంటూ ఆకులు వచ్చాయి. జూన్‌లో మొదటి గట్టి వాన పడింది. మూడో రోజు పొద్దున చూస్తే ఆకులు కాదు, జల్లెడలు.

వారం పగలంతా వెతికాక ఒక రాత్రి టార్చ్ వేస్తే గోడ మీద, కుండీ అంచున, ఆకుల అడుగున అన్నీ అవే. 23 లెక్కపెట్టి ఆపేశాను. నల్లగా, బల్లపరుపుగా, వీపు మధ్యలో సన్నటి లేత గీతతో ఉంటాయి. పుల్లతో కదిపితే ముడుచుకుని ఎండు ఖర్జూరంలా అయిపోతాయి. మా అత్తమ్మ చూసి జలగలు అంది. జలగలు కావు, గుల్ల లేని నత్తలు. స్లగ్స్ అంటారు. పొద్దున కుండీ మీద ఎండిన జిగురు చార మెరుస్తూ కనబడితే మీ ఇంట్లోనూ అవే.

అత్తమ్మ ఉప్పు చల్లమంది. కుండీలో మాత్రం చల్లకండి, నత్త కంటే ముందు మొక్క పోతుంది. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి చుట్టూ పోశాను. దాని మీంచే దర్జాగా పాకి వెళ్ళాయి. రాగి టేపు కొని అంటించాను, డబ్బులు దండగ. తర్వాత తెలిసింది, బ్రిటన్‌లో తోటపనికి పేరున్న రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు పెంకులు, రాగి టేపు లాంటివి పరీక్షించి, అవి పెట్టిన మొక్కలకీ పెట్టని మొక్కలకీ నష్టంలో తేడా లేదని 2018లోనే చెప్పారట. గిన్నెలో బీరు పోసి నేలకి దించితే కొన్ని పడ్డాయి. కానీ "నత్తలకైతే పోస్తావు, నేను అడిగితే లెక్కలు చెప్తావు" అని మా ఆయన గొడవ. బేకరీ ఈస్ట్, చక్కెర, గోరువెచ్చని నీళ్ళు కలిపి పెట్టినా అవి ఆ వాసనకే వస్తాయి. కాకపోతే వాన పడితే గిన్నె నిండిపోతుంది, రోజూ మార్చాలి.

నాకు నిజంగా పనిచేసింది తడి గోనె సంచి. సాయంత్రం సంచి తడిపి మడతపెట్టి, మధ్యలో బొప్పాయి తొక్కలు గానీ, క్యాబేజీ పై ఆకులు గానీ వేసి కుండీల పక్కన పెట్టాను. తెల్లారేసరికి అన్నీ దాని కిందే దాక్కుని ఉంటాయి. ఎత్తి ఉప్పునీళ్ళ బకెట్‌లో దులిపెయ్యడమే. ఆ నీళ్ళు మట్టిలో కాదు, డ్రైనేజీలో పొయ్యండి. మొదటి వారం రోజూ, తర్వాత రెండు రోజులకోసారి చేశాను. చేతులకి గ్లౌజులు వేసుకోండి. ఈ నత్తల్లో మెదడుకి జబ్బు తెచ్చే ఒక రకం నులిపురుగు ఉండొచ్చు. పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వకండి.

నీళ్ళు పోసే వేళ కూడా మార్చండి. నేను ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పోసేదాన్ని, అంటే వాటికి తడి దారి నేనే వేసి పెట్టినట్టు. పొద్దున పోస్తే రాత్రికి పైమట్టి ఆరుతుంది. ఇంకొకటి, కుండీ ఎత్తి అడుగు రంధ్రం చూడండి. మా కుండీల్లో ఒకదాని కింద ఉడికిన సగ్గుబియ్యంలా గుడ్లు గుత్తిగా దొరికాయి. అవి తీసెయ్యకపోతే పైన ఎన్ని ఏరినా మళ్ళీ మొదటికే వస్తుంది.

మందు వేసే తీరాలంటే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చూడండి. షాపులో మెటాల్డిహైడ్ అనే నత్తల మందు ఇస్తారేమో, కుక్కా పిల్లీ తిరిగే చోట అది వద్దు. కుక్కలు మేత అనుకుని తినేస్తాయి, ప్రాణాలకే ప్రమాదం.

ఇక మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. నత్తల్ని ఆపాక కూడా నా హోస్టాలు నిలదొక్కుకోలేదు. రెండో ఏడు ఆకులు అరచేయంత కూడా రాలేదు, మూడో ఏడు మే ఎండలకి రెండు పోయాయి. ఇది జపాన్, కొరియా, చైనా వైపు మొక్క. చలికాలంలో ఆకులు రాల్చి నెలన్నర పాటు 5 డిగ్రీల దగ్గర నిద్రపోతేనే మరుసటేడు బలంగా లేస్తుంది. మన సంక్రాంతి చలి దానికి ఏ మూలకి? నిద్ర లేని మొక్క ఏడాదికేడాది చిక్కిపోతుంది. (జపాన్‌లో దీని లేత చిగుళ్ళని ఉరుయి అని కూరగా వండుకుంటారు. ఆ లెక్కన నత్తల రుచిని తప్పుపట్టలేం.)

అందుకే కొత్తగా కొనాలనుకునేవాళ్ళకి హోస్టా వద్దంటాను. అలాంటి ఆకుల అందమే కావాలంటే కలాడియం పెట్టండి. మన చేమకి చుట్టమే, వానలకి లేచి చలికాలంలో దుంపగా పడుకుంటుంది, మన వాతావరణం దానికి సరిపోతుంది. అగ్లోనిమా, పీస్ లిల్లీ కూడా నీడలో బాగుంటాయి. ఇప్పుడు నా సందులో ఇవే ఉన్నాయి. నత్తలు వీటినీ వదలవు, గోనె సంచి మాత్రం మానలేదు.

మీ దగ్గర ఉన్న మొక్కని పారెయ్యాలనిపించకపోతే డిసెంబర్‌లో తవ్వి, ఆకులు కోసి, వేళ్ళకున్న మట్టి దులిపి, కొంచెం తడి కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టు) చుట్టి చిల్లుల కవర్లో ఫ్రిజ్ కింది అరలో నెలన్నర ఉంచండి. మిగిలిన ఒక్కదాన్ని నేను అలాగే రెండేళ్ళుగా లాక్కొస్తున్నాను. దోసకాయల పక్కన ఈ వేళ్ళేంటని అత్తమ్మ రోజూ అడుగుతుంది. ఆపిల్స్ ఉన్న అరలో మాత్రం పెట్టకండి, వాటి నుంచి వచ్చే వాయువుకి మొగ్గలు పాడవుతాయి.